విడుదల కాయితం

పొద్దున్నే పరిగెత్తే మనిషిని చర్ల అడవిలో ఎవరూ మామూలుగా చూడరు. వాడు ఎవరి నుంచో పారిపోతుండాలి, లేదా ఎవరికో కబురు మోస్తుండాలి. పూనెం దూలయ్య ఆ అడవిలో పుట్టినవాడే కాబట్టి ఈ సంగతి అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా 2005 జులై మొదటి వారంలో, ఇంటికొచ్చిన నాలుగో రోజుకే కాళ్లు ఊరుకోక, తెల్లవారుతుండగానే తన పల్లె బూరుగుగుంపు నుంచి తారురోడ్డు దాకా పరుగందుకున్నాడు. పోలీసు క్యాంపు మలుపులో ఇసుక బస్తాల వెనక నుంచి ‘రుకో’ అని కేక వినబడింది. రెండు చేతులూ పైకెత్తి ఉన్నచోటనే నిలబడిపోయాడు.

తుపాకీ గురిపెట్టిన జవాను నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. దూలయ్య ఒంటిమీది పసుపు బనీను చూశాడు, దానిమీది పదకొండో నంబరు చూశాడు, ఆ తర్వాత మొహం చూశాడు. తుపాకీ కిందికి దిగింది.

“డూలీ? మాండవి రోవర్స్ డూలీ?”

ఆ జవానుది కేరళ. మార్చి నెలలో వాళ్ల ఊరి పక్క స్టేడియంలో దూలయ్య కొట్టిన రెండు గోల్స్‌ని టీవీలో చూశాడట. ఆ రాత్రి వాళ్లన్న అన్నం తినలేదట. వచ్చీరాని హిందీలో ఇదంతా చెబుతూ దూలయ్య చేతిని వదలకుండా ఊపుతూనే ఉన్నాడు. చివరికి కంచె లోపలికి వేలు చూపించాడు. చదును చేసిన నేల, రెండు వైపులా వెదురు గోల్‌పోస్టులు, వాటికి నిజమైన వల.

“ఆదివారం రా భాయ్. మా దగ్గర అసలు బంతి ఉంది.”

దూలయ్య తల ఊపి వెనుదిరిగాడు గానీ, కళ్లు మాత్రం ఆ వల మీదనే ఉండిపోయాయి. బంతిని తన్ని అప్పటికి అయిదు వారాలైంది.

ఇంటికొచ్చేసరికి అక్క జంపక్క పొయ్యి మీద జావ కలుపుతోంది. అమ్మానాన్నా ఇద్దరూ ఒకే వానాకాలం జ్వరాలతో పోతే, పెళ్లయి వెళుతూ ఆరేళ్ల తమ్ముణ్ణి చంకనేసుకుని పోయిన మనిషి ఆమె. బావ అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి పోయాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది కోయలోనే. క్యాంపు సంగతి చెప్పగానే జంపక్క గరిటె తిప్పడం ఆపింది.

“పోతవా?”

“ఆటకే గదక్కా. గంటసేపు.”

“నువ్వు గంట ఆడి నెలకు నీ దారిన పోతవు. ఇక్కడ ఉండేది మేము. రేపు అడవిల నుంచి ఎవరన్నా వచ్చి, నీ తమ్ముడు క్యాంపుల ఏం చెప్పిండు అనడిగితే నేనేమనాలె? బంతి ఆడిండు అంటే నమ్ముతరా?”

ఆమె జావ గిన్నె ముందు పెట్టి, “తిను, చల్లారుతది” అని నారుమడికి పోయింది.

దూలయ్య ఆటగాడు కావడం వెనక వెంకటరామారావు అనే మనిషి ఉన్నాడు. ఒకప్పుడు హైదరాబాదులో పేరున్న గోల్‌కీపర్. ఆట మానేశాక స్పోర్ట్స్ హాస్టల్‌లో కోచ్ అయ్యాడు. భద్రాచలంలో ఆశ్రమ పాఠశాలల ఆటల పోటీలు చూడటానికి వచ్చినప్పుడు, పరుగుపందెంలో చివరి మలుపు దాకా వెనకబడి ఉండి ఒక్కసారిగా నలుగురిని దాటేసిన పన్నెండేళ్ల కోయ పిల్లవాడు ఆయన కంట్లో పడ్డాడు. జంపక్కను ఒప్పించి హాస్టల్‌కు తీసుకుపోయాడు. అక్కడ బూట్లు తొడుక్కోవడం నేర్పింది, ఎడమ కాలితో బంతిని వంపు తిప్పి కొట్టడం నేర్పింది, హిందీ నేర్పింది అంతా ఆయనే. దూలయ్యకు ఇరవై ఒక్కేళ్లప్పుడు గోవాలోని మాండవి రోవర్స్ క్లబ్బు మూడేళ్ల ఒప్పందం ఇచ్చింది. హోటల్ గదిలో సాక్షి సంతకం పెట్టిందీ ఆయనే. ఆ తర్వాత క్లబ్బువాళ్లు ఆయనకు కూడా ఆటగాళ్లను వెతికిపెట్టే పని ఇచ్చారు.

మూడేళ్లలో దూలయ్య డూలీ అయ్యాడు. గోవా గోడల మీద అతని బొమ్మలు గీశారు. ఎడమ పక్క నుంచి అతను బంతితో బయల్దేరితే స్టేడియమంతా లేచి నిలబడేది. మూడో ఏడు మాత్రం కుడి మోకాలు తేడా చేసింది. ఆరు వారాలు ఆపాల్సిన ఆటను క్లబ్బువాళ్లు ఒక్క వారం కూడా ఆపలేదు. మ్యాచ్ ముందు సూది వేసేవాళ్లు, నొప్పి తెలిసేది కాదు. మ్యాచ్ అయ్యాక మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. వేరే డాక్టరుకు చూపించుకుంటానంటే కార్యదర్శి నవ్వి, “మాకు లేని తొందర నీకెందుకు?” అన్నాడు. ఆ నవ్వుతోనే దూలయ్య మనసు విరిగింది. మే నెలాఖరుకు ఒప్పందం అయిపోతుంది, పోతాను అనుకున్నాడు. కలకత్తా క్లబ్బు ఒకటి రమ్మని కబురు పెట్టింది కూడా.

అప్పుడు కార్యదర్శి ఒప్పందం తీసి నాలుగో పేజీ చూపించాడు. క్లబ్బుకు ఇష్టమైతే, ఒక్క ఉత్తరం రాసి, అదే షరతుల మీద ఇంకో రెండేళ్లు పొడిగించుకోవచ్చని అందులో ఉంది. ఉత్తరం అప్పటికే రాసి ఉంచారు.

“ఈ రెండేళ్లు వద్దా? మంచిది, కొత్తగా మూడేళ్లకు సంతకం పెట్టు, డబ్బు పెంచుతాం. ఏదీ వద్దంటే పో. మేం విడుదల కాయితం ఇవ్వకపోతే నిన్ను దేశంలో ఏ క్లబ్బూ ఆడించలేదు. జులై ముప్పై ఒకటితో క్లబ్బులు మారే గడువు మూసుకుపోతుంది. ఆ తర్వాత నీ ఇష్టం. గ్యాలరీలో కూర్చుని మ్యాచ్‌లు చూద్దువు.”

దూలయ్య సంతకం పెట్టలేదు. చెప్పాపెట్టకుండా రైలెక్కి, ఖమ్మంలో దిగి, రెండు బస్సులు మారి ఇంటికొచ్చేశాడు. వచ్చేటప్పుడు ఏదో గెలిచినట్టే అనిపించింది. ఇక్కడ కూర్చున్నాక తెలిసింది, కూర్చోవడం ఎంత కష్టమో.

బూరుగుగుంపులో సెల్లు పలకదు. ఫోను కావాలంటే చర్ల పోవాలి. చర్లలో బసవపున్నయ్య ఎస్టీడీ బూతు ఉంది. ఆయన ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మాట ఇంకా అక్కడిదే. దూలయ్య బావ సైకిల్ తీసుకుని మొదట రోజు విడిచి రోజు పోయేవాడు, తర్వాత రోజూ పోయేవాడు. బురదలో సైకిలే అతని మీద ఎక్కేది. ఫోను రాకపోతే బూతు ముందు బల్ల మీద కూర్చునేవాడు. రెండు నిమిషాలకు లేచేవాడు, రోడ్డు దాకా నడిచేవాడు, వచ్చి మళ్లీ కూర్చునేవాడు.

“కాస్త స్థిమితంగా కూర్చోవయ్యా, నాకే కళ్లు తిరుగుతున్నాయి” అనేవాడు బసవపున్నయ్య.

కలకత్తావాళ్లు ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట. కాయితం తెచ్చుకో, తొందరగా. గోవా నుంచి ఫోన్లు లేవు, రిజిస్టరు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది ప్రాక్టీసుకు ఎందుకు రాలేదని. రెండోది ఫుట్‌బాల్ సమాఖ్యకు ఫిర్యాదు చేస్తామని. మూడోది మాత్రం చాలా మర్యాదగా ఉంది. అతని మోకాలి ఫోటోలు, రిపోర్టులు అన్నీ క్లబ్బు దగ్గరే భద్రంగా ఉన్నాయని, అవసరమైతే ఇతర క్లబ్బులకు అందజేయడానికి తమకేమీ అభ్యంతరం లేదని రాశారు. దూలయ్య దాన్ని మూడుసార్లు చదివాడు. ఆ మోకాలికి సూదులు వేసి ఆడించిన చేతులే, ఇప్పుడు అది పనికిరాని మోకాలని ఊరంతా చెబుతామంటున్నాయి.

ఆ పూట ఇంటికొచ్చి నారు కట్టలు మోస్తానని పొలంలో దిగాడు. ఒక కట్టకు రెండు కట్టలు మోశాడు. విసిరితే గట్టు దాటి అవతల పడ్డాయి. జంపక్క నడుం ఎత్తి చూసింది.

“నారుమీద కోపమెందుకు? ఇట్లరా.”

గట్టు మీద కూర్చోబెట్టుకుని అంతా చెప్పించుకుంది. ఒప్పందం అంటే ఏంది, కాయితం అంటే ఏంది, గడువు అంటే ఏంది, ఒక్కొక్కటీ అడిగింది. చదువు రాదు గానీ ఆమెకు అర్థం కానిదాన్ని వదిలిపెట్టే అలవాటు లేదు.

“ముప్పై ఒకటి దాటితే నీకు ఏడాది పాయె. అవ్ గదా?”

“అవ్ అక్కా.”

“మరి వాళ్లకు?”

దూలయ్యకు ప్రశ్న అర్థం కాలేదు.

“రెండేండ్ల కిందట తునికాకు రేటు కోసం మేమంతా ఆకు కోసుడు బంద్ పెట్టినం, యాదికుందా? నువ్వు లేవులే. అయిదు దినాలు చెట్టు ముట్టలే. చూస్తుంటే ఆకు ముదురుతుంది, మాకు కడుపుల దడ. ఇగ రేపు పోదాం అనుకుంటుంటే ఆకు కొనే కల్లేదారే జీపేసుకుని గుంపుకొచ్చిండు. ఎందుకొచ్చిండు? పైన షావుకారుకు లారీ పంపే తారీఖు దగ్గరికొచ్చిందంట. మా ఆకు ముదురుడే మాకు కనబడ్డది గని, ఆయన తారీఖు మాకు కనబడలే. నీ క్లబ్బోళ్లకు ఏ తారీఖూ లేదా?”

నెల రోజులుగా తనేం పోగొట్టుకుంటాడో లెక్కబెట్టుకోవడమే గానీ ఈ మాట దూలయ్యకు ఒక్కసారీ తట్టలేదు.

మర్నాడు చర్ల పోయి అగ్నెలోకు ఫోను చేశాడు. అగ్నెలో క్లబ్బులో గోల్‌కీపర్, హోటళ్లలో అతనితో ఒకే గదిలో ఉండేవాడు. అటు నుంచి గొంతు తగ్గించి మాట్లాడాడు. ప్రాక్టీసు మ్యాచ్‌లు రెండూ ఓడిపోయారు. కోచ్ బ్రెజిల్ మనిషి, డూలీ లేకుండా తను టీము దింపనని కార్యదర్శి గదిలో బల్ల గుద్దాడు. సెప్టెంబర్లో విదేశంలో కప్పు ఉంది, దానికి పాతిక మంది పేర్లు, సంతకాలతో పంపాలి.

“ఎప్పటికల్లా పంపాలి?”

“అదీ ముప్పై ఒకటే. నీ పేరు చూపిస్తేనే స్పాన్సరు దొరికాడు భాయ్. కార్యదర్శి మీటింగులో నీ పేరెత్తడు గానీ, రోజుకు రెండుసార్లు నీ ఊరు ఎక్కడుందని నన్నడుగుతాడు.”

దూలయ్య ఫోను పెట్టేసి బయటికొచ్చాడు. సైకిల్ తొక్కుతుంటే ఆరోజు బురద అంత బరువనిపించలేదు.

ఆ సంతోషం నాలుగు రోజులే నిలిచింది. ఇరవై అయిదో తారీఖున కలకత్తావాళ్లు ఫోను చేసి, ఇక ఆగలేమని, వేరే ఫార్వర్డ్‌ను తీసుకున్నామని చెప్పేశారు. మోకాలి సంగతి వాళ్లకు తెలిసిందని వేరే చెప్పనక్కర్లేదు. మాటల మధ్యలో ‘ఆరోగ్యం జాగ్రత్త’ అన్నారు. దూలయ్య రిసీవర్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బసవపున్నయ్య వచ్చి దాన్ని మెల్లగా తీసుకుని స్థానంలో పెట్టి, “మంచినీళ్లు తాగు నాయనా” అన్నాడు.

ఇక వెళ్లడానికి వేరే చోటు లేదు. సంతకం పెట్టి గోవా పోవడమా, ఇక్కడే రెండేళ్లు నారు మోయడమా.

అంతకు ముందు రోజు ఆదివారం ఇంకొకటి జరిగింది. చర్ల సంత నుంచి ఉప్పు, నూనె తీసుకుని నడిచి వస్తున్నాడు. వెనకా ముందూ సంతకు పోయొచ్చే ఆడవాళ్లున్నారు. క్యాంపు మలుపు తిరిగేసరికి లోపల ఆట జోరుగా ఉంది. ఎవడో గట్టిగా తన్నాడు. బంతి కంచె మీదుగా వచ్చి రోడ్డు మీద రెండుసార్లు ఎగిరి, దొర్లుకుంటూ సరిగ్గా అతని ఎడమ కాలి ముందు ఆగింది.

“డూలీ! పాస్! పాస్!”

కేరళ జవాను కంచె పట్టుకుని ఎగురుతున్నాడు. అవతల మిగతావాళ్లు నవ్వుతూ చేతులూపుతున్నారు. దూలయ్యకు చెవుల్లో హోరు మొదలైంది. కంచె ఎత్తు ఎంత, గాలి ఎటు, గోల్‌పోస్టు ఎంత దూరం, అన్నీ వాటంతటవే కాలికి తెలిసిపోయాయి. ఇక్కణ్ణుంచి కొడితే పై మూలకు పోతుంది. పిక్కలు బిగుసుకున్నాయి. సంత ఆడవాళ్లు నడక ఆపారు. ఊరికే చూస్తున్నారు. వాళ్లలో జంపక్కతో కలిసి నాట్లు వేసేవాళ్లు ముగ్గురున్నారు.

అతను వంగి బంతిని చేతుల్లోకి తీసుకున్నాడు. తడి తోలు వాసన ముక్కుకు తగిలింది. తల మీదుగా రెండు చేతులతో కంచె లోపలికి విసిరేసి, సంచి భుజానికి తగిలించుకుని నడిచాడు. జవాను వెనక నుంచి ఏదో అన్నాడు, మలయాళంలో. దూలయ్య తిరిగి చూడలేదు.

ఇరవై ఎనిమిదిన వెంకటరామారావు వచ్చాడు. భద్రాచలంలో కిరాయికి తీసుకున్న జీపు వాగు దగ్గర ఆగిపోతే, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బూట్లు చేతపట్టుకుని, తోలు సంచి నెత్తిన పెట్టుకుని నీళ్లలో నడిచొచ్చాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. ఎన్నో ఏళ్లు బంతులు ఆపిన వేళ్లు వంకరపోయి ఉన్నాయి. దూలయ్య ఎదురుపోయి సంచి అందుకుని కాళ్లకు దండం పెట్టాడు.

“ఏం దూలయ్యా, మంచిగున్నవా?”

“మంచిగనే ఉన్న సార్.”

జంపక్క మంచం వాల్చి, పాలు లేని చాయ్ ఇచ్చింది. ఆయన తాగి, సంచిలోంచి కొత్త ఒప్పందం తీశాడు. మూడేళ్లు. డబ్బు ఇంతకు ముందు దానికి రెట్టింపు. సంతకం చేసే చోట పెన్సిలు గుర్తులు కూడా పెట్టి ఉన్నాయి.

“కలకత్తా పోయింది. నీకు తెలుసు, నాకు తెలుసు, వాళ్లకు తెలుసు. నీ మీద కేసు వేస్తమంటున్నరు. మోకాలి రిపోర్టు పేపరోళ్లకు ఇస్తమంటున్నరు. నీ మంచికే చెప్తున్న, పెట్టేయ్ బిడ్డా.”

“నేను పెట్టకపోతే?”

“పెడ్తవు.” ఆయన నిట్టూర్చాడు. “కార్యదర్శి నాతోని ఏమన్నడో తెలుసా? ఆ కాయితం, ఆ కేసు, అవన్నీ ఉత్తవే రావుగారూ, డూలీ ఆడకుండ ఉండలేడు, అదే మన ధైర్యం అన్నడు. నేనేం చెప్పలే. నిజమే గదా. హాస్టల్‌ల జరమొచ్చినా గోడ దూకి గ్రౌండుకు పోయినోనివి.”

దూలయ్య లేచి చూరు కింద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచాడు. వచ్చి కింద చాప మీద కూర్చున్నాడు.

“సార్, మొన్న ఆదివారం బంతి నా కాలి కాడికి వచ్చింది. తన్నలే. చచ్చిపోయినట్టే అయింది గని, తన్నలే. ఆడకుంట ఉండబుద్ధి కాదు. ఉండొచ్చు మాత్రం. ఆ సంగతి ఆయనకు చెప్పండి.”

వెంకటరామారావు ఒప్పందాన్ని మంచం మీద పక్కన పెట్టాడు.

“ఏం కావాలె నీకు?”

“ఒక్క ఏడాదికే సంతకం పెడ్త. పాత డబ్బే ఇయ్యమనండి, పెంచొద్దు. విడుదల కాయితం మాత్రం ఇప్పుడే కావాలె. వచ్చే మే ముప్పై ఒకటి తారీఖు వేసి, సంతకం, ముద్ర పెట్టి నా చేతికియ్యాలె. మోకాలికి నా డాక్టరు చెప్పంది సూది వెయ్యొద్దు. అది కూడ రాయాలె.”

“డబ్బులు వద్దని కాయితం అడిగెటోన్ని నేను చూడలే. వాళ్లు ఒప్పుకోరు.”

“ఒప్పుకోకపోతే మంచిది సార్. వాళ్ల కప్పు లిస్టుకు మూడు దినాలున్నయి. అక్కకు నాట్లున్నయి, నాకు పనికి కొదవ లేదు.”

మాట గట్టిగానే వచ్చింది గానీ వేళ్లు మాత్రం చాప ఈనెలు పీకుతూనే ఉన్నాయి. వెంకటరామారావు ఆ వేళ్లు చూశాడో లేదో తెలియదు.

ఇద్దరూ కలిసి చర్ల పోయారు. బూతు అద్దాల వెనక వెంకటరామారావు గోవాతో మాట్లాడుతుంటే, కార్యదర్శి అరుపులు బయట బల్ల దాకా వినబడుతున్నాయి. కాసేపటికి ఆయన తలుపు తీసి రిసీవర్ చాపాడు.

“నీతోనే మాట్లాడుతడంట.”

దూలయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “వద్దు సార్. ఆయన మాటకారి. మాట్లాడితే నన్ను ఒప్పిస్తడు. మీతోనే చెప్పమనండి.”

ఆ రోజు తేలలేదు. ఇరవై తొమ్మిదిన వాన పట్టింది. వాగు పొంగి వెంకటరామారావు గుంపులోనే ఉండిపోయాడు. జంపక్క పుట్టగొడుగులు వండిపెట్టింది. దూలయ్య ఇంట్లో నిలబడలేకపోయాడు. గొంగడి కప్పుకుని గంటకోసారి వాగు దాకా పోయి నీళ్లు తగ్గాయేమో చూసి వస్తున్నాడు. నాలుగోసారి తిరిగొచ్చేటప్పటికి వెంకటరామారావు మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు, ఒళ్లో తోలు సంచి.

“కూర్చో” అన్నాడు. దూలయ్య కూర్చోలేదు.

ఆయన సంచి అడుగు నుంచి ఇంకో కవరు తీశాడు. అంటించిన నోరు చింపి, లోపలి కాయితం విప్పి, దూలయ్య వైపు చాపాడు. మాండవి రోవర్స్ ముద్ర, కార్యదర్శి సంతకం. ఆటగాణ్ణి విడుదల చేయడానికి తమకు అభ్యంతరం లేదని ఉంది. తారీఖు చోట ఖాళీ.

“ఇది నేనొచ్చిన రోజు నుంచి నా సంచిలనే ఉంది. ఎటూ కుదరకపోతే, లిస్టు పోయేటట్టుంటే, అప్పుడు ఏడాదికి ఒప్పుకొని ఇదియ్యి అన్నరు. అప్పటిదాకా బెదిరియ్యమన్నరు. మూడేళ్లకు నీతో సంతకం పెట్టిస్తే నాకు పర్మనెంటు ఉద్యోగమన్నరు.”

జంపక్క గడపలో నిలబడి వింటోంది. తెలుగు ఆమెకు బాగానే తెలుసు.

“ఇయ్యాల ఎందుకు తీసిన్రు సార్?” అన్నాడు దూలయ్య.

“ఆ రోజు హోటల్‌ల, నాలుగో పేజీల ఏముంది సార్ అని నువ్వడిగినవు. ఏం లేదు, మామూలే, పెట్టు అన్న. నేను చదవలే దూలయ్యా. తొందరల ఉన్న. నేను కూడ చదవలే.”

దూలయ్యకు ఒక్కసారిగా కోపం పొంగింది. రెండు రోజులు తన ఇంట్లో కూర్చుని, తన అన్నం తిని, సంచి అడుగున ఇది పెట్టుకుని బెదిరించాడు. ఆ మాట అనబోయాడు. ఆయన వంకర వేళ్లు ఇంకా ఆ కాయితాన్ని చాపి పట్టుకునే ఉన్నాయి. అనకుండా వానలోకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి అరగంట పట్టింది. వచ్చి, తల తుడుచుకుని, పెన్ను అడిగాడు.

“తారీఖు మీరే వెయ్యండి సార్. నా రాత బాగుండదు.”

ముప్పైన వాగు తగ్గింది. చర్ల నుంచి గోవాకు ఫోను చేసి, ఏడాదే, కాయితం ఇచ్చేశాను, సూది షరతు కూడా రాశాను అని వెంకటరామారావు ముక్తసరిగా చెప్పి, అవతల అరుపు మొదలవగానే పెట్టేశాడు. జీపులో భద్రాచలం పోయి, ఫ్యాక్స్ ఉన్న జిరాక్స్ షాపు నుంచి, మూడేళ్లను ఏడాదిగా, డబ్బును పాత మొత్తంగా దిద్దిన ఒప్పందం, కప్పు లిస్టు మీద సంతకం రెండూ పంపారు. వాన వల్ల లైను మూడుసార్లు తెగింది. నాలుగోసారి కాయితం మిషన్లోంచి అవతలికి పోయిందని షాపతను చెప్పాక గానీ దూలయ్య గడప దిగలేదు. ఆ సాయంత్రం బస్టాండులో దూలయ్య గోవా పోవడానికి ఖమ్మం బస్సెక్కాడు. బస్సు కదిలేటప్పుడు వెంకటరామారావు కిటికీ దగ్గరికొచ్చి, “మోకాలు చూపించుకో” అన్నాడు. “మీరు కూడ జాగ్రత్త సార్” అన్నాడు దూలయ్య.

ఉద్యోగం మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. వెంకటరామారావు క్లబ్బు పని మానేసి ఖమ్మంలో పిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు.

దూలయ్య ఆ ఏడాది అన్ని మ్యాచ్‌లూ ఆడలేదు. తన డాక్టరు ఆపమన్న అయిదు వారాలు ఆగాడు. కార్యదర్శి పలకరింపు మానేశాడు. విదేశీ కప్పులో మొదటి రౌండులోనే ఓడిపోయి వచ్చారు. దానికి డూలీయే కారణమని ఒక పేపరు రాసింది. అయినా లీగ్ చివరి రెండు నెలలు అతను ఆడిన ఆట చూసి, కేరళలోని ఒక చిన్న క్లబ్బు రమ్మంది. మే ముప్పై ఒకటిన కార్యదర్శి పిలిచి, కుర్చీ చూపించి, ఎంత కావాలో నువ్వే చెప్పు అన్నాడు. దూలయ్య టీ తాగి, థాంక్స్ చెప్పి, సాయంత్రం రైలెక్కాడు. ఎవరూ ఆపలేదు. ఆపడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు.

కొత్త క్లబ్బుకు గోడల మీద బొమ్మలు గీసే అభిమానుల్లేరు. గ్రౌండు సగం గులకరాళ్లు. మొదటి మ్యాచ్ అయిన సాయంత్రం, ముందే అనుకున్నట్టు, చర్లలో బసవపున్నయ్య బూతుకు ఫోను చేశాడు. జంపక్క సంత రోజు చూసుకుని నడిచొచ్చి ఉంది. ఫోను పట్టుకోవడం ఆమెకదే మొదటిసారి. రిసీవర్ తలకిందులుగా పట్టుకుంటే బసవపున్నయ్య సరిచేసిన చప్పుడు ఇటు దాకా వినబడింది.

“ఆడినవా?”

“ఆడిన అక్కా.”

“మొత్తం?”

“మొత్తం ఆడిన.”

“గెలిచిన్రా?”

“లేదు. రెండు గోల్స్‌తో ఓడినం.”

అటు నుంచి సంత రొద, ఏదో లారీ హారను వినబడుతున్నాయి.

“సరే,” అంది జంపక్క, “ఏమన్నా తిన్నవా?”